స్థానిక రేడియోను నెట్‌లో వినిపించడం: అపోహలు - వాస్తవాలు

కమ్యూనిటీ రేడియోకు మామూలుగా దొరికే అనుమతి 100 వాట్ల ఈఆర్‌పీ (ఆంటెన్నా నుంచి వెలువడే ప్రభావ శక్తి), 30 మీటర్ల ఆంటెన్నా. తిరుపతిలో ఆ స్థాయి ట్రాన్స్‌మిటర్ పెడితే చంద్రగిరి దాకా అందితే గొప్ప. డెబ్బై కిలోమీటర్ల అవతలున్న చిత్తూరు ఊసే వద్దు, బెంగళూరు, కువైట్ పోయినవాళ్ల సంగతి సరేసరి. అందుకే ‘నెట్‌లో పెట్టేస్తే పోలా’ అంటారు. పెట్టొచ్చు. అయితే దాన్ని ఇంకో ట్రాన్స్‌మిటర్ అనుకుంటేనే చిక్కులన్నీ.

అపోహ: ఎఫ్‌ఎం సెట్ హెడ్‌ఫోన్ పిన్ నుంచి కంప్యూటర్‌కు తీగ లాగితే చాలు.

వినబడుతుంది, వినబుద్ధి కాదు. ట్రాన్స్‌మిటర్‌కు వెళ్లే ముందే ప్రాసెసర్ (ప్రసారానికి తగ్గట్టు శబ్దాన్ని సరిచేసే పరికరం) శబ్దాన్ని బాగా అదిమి, అంచులు కత్తిరించి ఉంటుంది. పైన రేడియో సెట్ బుసబుస ఒకటి. శబ్దాన్ని నెట్ కోసం కుదించే ఎంపీ3, ఏఏసీ ఎన్‌కోడర్లకు ఉన్న కొద్దిపాటి బిట్లు ఆ గరగరను మోయడానికే అయిపోతాయి.

కొందరు తెలివిగా ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటారు. అది ఇంకా అన్యాయం. మన దేశంలో ఎఫ్‌ఎంకు 50 మైక్రోసెకన్ల ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది. అంటే 15 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని దాదాపు 13.7 డెసిబెల్స్ పెంచి పంపుతారు, రేడియో సెట్ దాన్ని మళ్లీ తగ్గించుకుంటుంది. ఫోన్ తగ్గించుకోదు. అన్నమయ్య కీర్తనలో తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి, అనౌన్సర్ ‘శ్రీనివాస’ అంటే శకారం, సకారం రెండూ బుసకొడతాయి.

మిక్సర్ ప్రోగ్రామ్ అవుట్ దగ్గరే రెండో దారి తీయండి: బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటర్. మిక్సర్, కంప్యూటర్ వేర్వేరు చోట్ల ఎర్త్ అయితే 50 హెర్ట్జ్ గుయ్‌మనే హమ్ రావచ్చు. మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే పోతుంది. ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ పని మాత్రం చేయొద్దు. పీక్స్ మైనస్ 3 డెసిబెల్స్ దాటకుండా, సగటు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనం కొలత) దగ్గర పెట్టుకుంటే ఫోన్‌లో హాయిగా ఉంటుంది.

అపోహ: ఎంతమంది విన్నా ఖర్చు ఒకటే.

ఎఫ్‌ఎంకు అది నిజం. స్ట్రీమ్‌లో ఒక్కొక్కరికీ సర్వర్ విడిగా కాపీ పంపాలి. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) వద్ద ఒకరికి గంటకు సుమారు 29 ఎంబీ. 300 మంది వింటే సర్వర్ నుంచి 19.2 ఎంబీపీఎస్ ఏకధాటిగా పోవాలి, గంటకు దాదాపు 8.6 జీబీ. అందుకే స్ట్రీమ్‌ను వినేవాళ్లకు పంచే సాఫ్ట్‌వేర్ ఐస్‌కాస్ట్ నడిచే సర్వర్‌ను స్టూడియోలో పెట్టుకోకుండా బయట అద్దెకు తీసుకోవాలి. అప్పుడు స్టూడియో నుంచి పోయేది ఒక్క కాపీయే, దానికి మామూలు ఫైబర్ లైన్ చాలు. ఇక 128 కేబీపీఎస్ ఎంపీ3 ఉంటేనే బాగుంటుందన్న పట్టుదల అక్కర్లేదు. మాటలు, పాటలు కలిసిన ప్రసారానికి తక్కువ బిట్ల కోసమే చేసిన ఏఏసీ రకం హెచ్‌ఈ-ఏఏసీ 64 కేబీపీఎస్ సరిపోతుంది.

అపోహ: లైవ్ అంటే అదే క్షణం.

కాదు. కొత్తగా కలిసినవాళ్లకు పాట వెంటనే మొదలవ్వాలని ఐస్‌కాస్ట్ దాదాపు 64 కిలోబైట్ల (కిలోబిట్లు కాదు, బైటుకు 8 బిట్లు) పాత శబ్దాన్ని ఒక్కసారిగా పంపిస్తుంది. 64 కేబీపీఎస్ స్ట్రీమ్‌లో అది 8 సెకన్లు, 32కు తగ్గిస్తే 16. శబ్దాన్ని చిన్న ఫైళ్లుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి వాడితే ఆరేసి సెకన్ల ముక్కలు మూడు పోగయ్యాకే చాలా ప్లేయర్లు మొదలుపెడతాయి. కాబట్టి స్ట్రీమ్‌లో టైమ్ చెప్పేటప్పుడు సెకన్ల జోలికి పోవద్దు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ వ్యాఖ్యానం ఇస్తుంటే, మాడవీధుల్లో ఉన్నవాళ్లకు వాహనం ముందుకెళ్లాక ఫోన్‌లో మాట వస్తుంది. అంత జనంలో డేటా అందితే కదా! అక్కడ జేబులో చిన్న ఎఫ్‌ఎం సెట్టే మేలు.

అపోహ: ఫాల్‌బ్యాక్ పెట్టాం, ఇక ఆగదు.

ఐస్‌కాస్ట్‌లో ఫాల్‌బ్యాక్ మౌంట్ (అసలు ప్రసారం ఆగితే దాని బదులు వినిపించే స్ట్రీమ్) పనిచేసేది ఎన్‌కోడర్ కనెక్షన్ తెగినప్పుడే. మిక్సర్ కేబుల్ ఊడితే ఎన్‌కోడర్ నిశ్శబ్దాన్నే శ్రద్ధగా పంపుతుంటుంది, సర్వర్‌కు అంతా బాగున్నట్టే లెక్క. లిక్విడ్‌సోప్ లాంటి స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిశ్శబ్దాన్ని పట్టే ఏర్పాటు ఉంది, అది పెట్టుకోండి. ఫాల్‌బ్యాక్ ఆడియో కోడెక్, శాంపిల్ రేట్, ఛానెళ్లు అసలు స్ట్రీమ్‌తో సరిగ్గా కలవాలి, లేకపోతే చాలా ప్లేయర్లు అక్కడే ఆగిపోతాయి. ఐస్‌కాస్ట్ సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్-ఓవర్‌రైడ్ 1 చేయకపోతే అసలు ప్రసారం తిరిగొచ్చినా వినేవాళ్లు ఫాల్‌బ్యాక్ పాటల దగ్గరే ఉండిపోతారు. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టి రూటర్‌ను మరిచిపోవడం కూడా మామూలే.

అపోహ: మా ఫోన్‌లో వస్తోంది, అందరికీ వస్తుంది.

ఐస్‌కాస్ట్ డిఫాల్ట్ పోర్ట్ 8000ను చాలా కాలేజీ, ఆఫీసు నెట్‌వర్క్‌లు అడ్డుకుంటాయి. వెబ్‌సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి స్ట్రీమ్ ఉత్త హెచ్‌టీటీపీ అయితే బ్రౌజరే ఒప్పుకోకపోవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను ఐస్‌కాస్ట్ ముందు పెట్టి, హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్ట్ మీదుగా ఇస్తే రెండూ తీరతాయి.

అపోహ: ఎఫ్‌ఎంకు పాటల హక్కులు కట్టాం కదా, నెట్‌కూ అవే.

కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 31డీ ప్రసారకర్తలకు చట్టబద్ధ లైసెన్సు ఇస్తుంది. అది రేడియో, టీవీలకే గానీ ఇంటర్నెట్‌కు వర్తించదని బాంబే హైకోర్టు 2019లో మ్యూజిక్ కంపెనీ టిప్స్, స్ట్రీమింగ్ యాప్ వింక్ మధ్య కేసులో తేల్చింది. సినిమా పాట వేసే ముందు నెట్ హక్కులు విడిగా రాయించుకోవాలి: సాహిత్యం, బాణీలకు రచయితలు, స్వరకర్తల హక్కుల సంఘం ఐపీఆర్‌ఎస్, రికార్డింగుకు లేబుల్ లేదా దాని తరఫు సంస్థ. ఒప్పందంలో ‘ఇంటర్నెట్ స్ట్రీమింగ్’ అన్న మాట కనబడకపోతే సంతకం ఆపండి. హక్కులు తేలేదాకా ఎఫ్‌ఎంలో సినిమా పాట పోతున్నంతసేపు స్ట్రీమ్‌లో సొంత రికార్డింగులు వినిపించవచ్చు. మిక్సర్‌లో స్ట్రీమ్‌కు వేరే బస్ (విడి అవుట్‌పుట్ దారి) ఉంటే అది ఒక ఫేడర్ పని.