"కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే" అనేవాళ్ల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను గైనకాలజిస్టుని, ఇరవై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వాసుపత్రుల్లోనే పని. ఈ మధ్య మా చెల్లెలి కూతురు తనకి ఐదో నెలని ఫ్యామిలీ గ్రూపులో చెప్పగానే గంటలో ముప్పై సలహాలు వచ్చిపడ్డాయి. వాటిలో సగం నేను లేబర్ రూములో రోజూ పోట్లాడేవే. గ్రూపులో పెద్దవాళ్లతో వాదన పెట్టుకునే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బీపీ పెరిగితే నాకు తెలియదా?

తెలియదమ్మా. 150/100 బీపీతో కబుర్లు చెప్పుకుంటూ ఓపీ క్యూలో నిలబడ్డ అమ్మాయిల్ని నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను, అడ్మిట్ అవ్వమంటే "నాకేమీ లేదు మేడం, బానే ఉన్నాను" అంటారు, వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు, నిజంగానే బానే ఉంటారు, మర్నాటి దాకా. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి, కనీసం నాలుగు గంటలాగి మళ్లీ చూసినా తగ్గకపోతే అది గర్భం వల్ల వచ్చిన బీపీ. దానితో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, లివరో కిడ్నీయో దెబ్బతింటున్నా ప్రీఎక్లాంప్సియా అంటాం.

దీని మూలం మాయలో, అంటే కడుపులో బిడ్డకి తల్లి నుంచి ఆహారం అందించే ప్లసెంటాలో ఉంది. మొదటి నెలల్లో మాయ గర్భసంచి గోడలోకి సరిగ్గా పాతుకోకపోతే అక్కడి రక్తనాళాలు వెడల్పవ్వవు. మాయకి రక్తం చాలక, అది వదిలే పదార్థాలు తల్లి ఒంట్లో రక్తనాళాల లోపలి పొరని పాడుచేస్తాయి. కాబట్టి "టెన్షన్ పడకమ్మా, అదే దిగుతుంది" అన్న సలహా ఇక్కడ పనిచెయ్యదు. ఉప్పు మానేయడం కూడా అంతే. చప్పిడి కూడు తింటే ఈ జబ్బు ఆగదు, తిండి సయించక ఇంకా నీరసపడతారు. (మూడు పూటలా ఆవకాయ తినమని చెప్పడం లేదు.)

కాళ్ల వాపుల సంగతి. సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. తెల్లారి లేచేసరికి ముఖం ఉబ్బి, వేలి ఉంగరం బిగిసిపోయి, వారంలోనే బరువు గబుక్కున పెరిగితే మాత్రం ఆ రోజే బీపీ చూపించుకోండి. అలాగని వాపు లేదు కాబట్టి బీపీ లేదనుకోవద్దు, ఒక్క చుక్క నీరు పట్టకుండా కూడా ఈ జబ్బు వస్తుంది.

వాపు కన్నా నాకు ఎక్కువ భయం "గ్యాస్" అంటే. తొమ్మిదో నెలలో పొట్ట పైభాగంలో, కుడిపక్క డొక్క కింద నొప్పి వస్తే ఇంట్లో వాము నీళ్లు, మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర. అలా రెండు రోజులు గడిపేసి వచ్చిన ఒకమ్మాయికి మేం చూసేసరికి బీపీ 170/110, ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడిపోయాయి. ఆ నొప్పి గ్యాస్ కాదు, లివర్ ఉబ్బి దాని పైపొర సాగడం వల్ల వచ్చే నొప్పి. ఆ అమ్మాయీ బిడ్డా ఇంటికి వెళ్లారు గానీ, ఆ రాత్రి మా స్టాఫ్‌లో ఎవరూ కూర్చున్నది లేదు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు మెరిసినట్టు ఉండడం, ఈ డొక్క నొప్పి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: గర్భిణికి ఫిట్స్ వస్తే గాలి సోకినట్టు

మా వైపు దీన్ని గుర్రపు వాతం అంటారు. పేరు పాతదే, జబ్బు మాత్రం ఇందాక చెప్పుకున్న బీపీయే, అది మెదడుని తాకింది. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ఇవన్నీ చేసి అప్పుడు 108కి ఫోన్ చేస్తారు. వరస మార్చండి. ముందు 108కి చెయ్యండి, మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, నీళ్లు కూడా వద్దు.

దీనికి మందు మెగ్నీషియం సల్ఫేట్, చవకైనది, పీహెచ్‌సీలోనే మొదటి డోసు ఇస్తారు. ఒక్కో పిరుదులో 5 గ్రాములు, మొత్తం 10 గ్రాములు. సిరంజి సైజు చూసి "అంత సూదా, పెద్దాసుపత్రిలోనే చూసుకుంటాం లెండి" అని అది వేయించుకోకుండానే బండెక్కించేసిన బంధువులున్నారు. దారిలో రెండోసారి ఫిట్స్ రాకుండా ఆపేది ఆ సూదే. ఫిట్స్ ఇంకా రానివాళ్లకి ఇచ్చినా వచ్చే ప్రమాదం సగానికి సగం తగ్గిందని 2002లో మాగ్పై ట్రయల్ తేల్చింది, పది వేల మందికి పైగా గర్భిణులు పాల్గొన్న ట్రయల్ అది.

అపోహ: మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదు

చుట్టాలకి చెప్పకండి, మీ ఇష్టం. డాక్టరుకి చెప్పండి. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లకి, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, కడుపులో కవలలున్నవాళ్లకి ప్రీఎక్లాంప్సియా రాకుండా తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తాం. అది 12 వారాలప్పుడు, కనీసం 16 వారాల లోపల మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే మాయ పాతుకునేది ఆ రోజుల్లోనే. ఐదో నెలలో స్వీట్ బాక్సుతో వచ్చి "పోయిన కాన్పులో ఫిట్స్ వచ్చాయండి" అంటే ఆ అవకాశం చాలావరకు చేజారినట్టే.

దీని తోబుట్టువే ఇంకో అపోహ, కడుపొస్తే పాత మందులన్నీ ఆపేయాలని. కొన్ని మార్చాలి, నిజమే. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు గర్భంలో పనికిరావు, వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి. ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రోయేట్ బిడ్డకి హాని, అందుకే అది వాడేవాళ్లు గర్భం రాకముందే డాక్టర్ని కలవాలి. కానీ మార్చడం వేరు, సొంతంగా ఆపేయడం వేరు, మందు ఆపాక వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం కావచ్చు. థైరాయిడ్ మాత్రయితే ఆపడం అటుంచి, చాలామందికి డోసు పెంచాలి.

అపోహ: ఇన్సులిన్ మొదలుపెడితే బిడ్డకి ఎక్కుతుంది, ఇక జీవితాంతం పొడుచుకోవాలి

ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది: తల్లి రక్తంలో ఉన్న చక్కెర మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, ఇన్సులిన్ దాటదు. చక్కెర ఎక్కువగా వస్తుంటే కడుపులో బిడ్డ తన సొంత ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుంటుంది, దానివల్ల కొవ్వు పేరుకుని భుజాలు బలుస్తాయి, కాన్పులో తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కుంటాయి, లేబర్ రూములో మాకు చెమటలు పట్టించే నిమిషాలవి. పుట్టి బొడ్డు కోశాక తల్లి నుంచి చక్కెర రావడం ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా అలాగే ఉంటుంది, దాంతో బిడ్డ షుగర్ పడిపోతుంది. అందుకే "మొదటి గంటలోనే పాలు పట్టండి" అని వెంటపడతాం. తేనె నాకించడం దానికి బదులు కాదు.

పరీక్ష సులువు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగాక రెండు గంటలకి 140 లేదా అంతకు మించితే గర్భిణి షుగర్ అన్నట్టు. మన ప్రభుత్వాసుపత్రుల్లో వాడే పద్ధతి ఇదే, పరగడుపున రానక్కర్లేదు. మొదటి విజిట్‌లో బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చెయ్యాలి. చాలామందికి తిండిలో మార్పు, నడకతోనే సరిపోతుంది. "ఇద్దరికి సరిపడా తిను" అని రెండోసారి అన్నం వడ్డించే అత్తగారికి నా విన్నపం ఏంటంటే, ఆ రెండో మనిషి బరువు ఇప్పుడు కిలో కూడా లేదండీ, అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి. కాన్పు తర్వాత ఇన్సులిన్ చాలామందికి ఆపేస్తాం. కానీ ఆరు వారాలకి ఇంకోసారి షుగర్ చూపించుకోమంటే ఆ పరీక్షకి ఎవరూ రారు, బిడ్డ టీకాలకి మాత్రం తేదీ తప్పకుండా వస్తారు.

ఐరన్ మాత్రలకి బిడ్డ నల్లగా పుడుతుందా? పుట్టదు. మీ విరేచనం నల్లగా వస్తుంది, అంతే. కుంకుమ పువ్వుతో తెల్లగానూ పుట్టదు, ఆ డబ్బు గుడ్లకీ పళ్లకీ పెట్టుకోండి. టీతో, కాల్షియం మాత్రతో కలిపి ఐరన్ వేసుకోకండి. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ఎక్కువే, ఈ మాత్రల గురించి మా గోలంతా అందుకే.

ఏడో నెలలో పుడితే బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు అన్నది కూడా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకి లాభమే. ఇక "నెలలు నిండాక కదలికలు తగ్గుతాయిలే" అంటారే, అది ఇంకా ప్రమాదం. చోటు చాలక తన్నే తీరు మారుతుంది గానీ కదలడం తగ్గకూడదు. తగ్గిందనిపిస్తే రేపటి దాకా ఆగకుండా రండి, ఏమీ లేకపోతే మేమేమీ తిట్టం. (తిట్టేవాళ్లున్నారు, తెలుసు. అయినా రండి.)

అపోహ: కాన్పయ్యాక చెడు రక్తమంతా పోవాలి

ఒంట్లో చెడు రక్తం అని విడిగా ఏమీ లేదు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకి పైగా రక్తం వెళ్తుంది. మాయ ఊడిపడ్డాక గర్భసంచి పిడికిలిలా గట్టిగా ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే ఎంత త్వరగా ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తాం. అదే ఆక్సిటోసిన్‌ని బిడ్డ పుట్టకముందు, "నొప్పులు బాగా రావాలని" ఇంటి దగ్గర ఎవరైనా సూదిగా పొడిస్తే గర్భసంచి పగిలిపోవచ్చు. మందు ఒకటే, ఇచ్చే వేళే తేడా.

పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే అనుభవమున్న మేమే తక్కువ లెక్కేస్తాం. 2023లో వచ్చిన ఈ-మోటివ్ ట్రయల్‌లో కొలత గీతలున్న షీటు తల్లి కింద వేసి, అర లీటరు దాటగానే చెయ్యాల్సిన పనులన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. దాంతో తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. ఇంటికెళ్లాక మీకు కొలత ప్యాడే. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, పెద్ద గడ్డలు పడుతుంటే బయల్దేరండి, ఎదురింటి పిన్నిగారి అభిప్రాయం కోసం ఆగొద్దు.

అపోహ: పచ్చి బాలింతకి నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదు

పొట్ట జారుతుందనీ, జలుబు చేస్తుందనీ రోజుకి రెండు గ్లాసుల వేణ్నీళ్లతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పు తర్వాత ఆరు వారాలూ ఆడవాళ్ల రక్తం మామూలు కన్నా తేలిగ్గా గడ్డకడుతుంది. దానికి నీళ్లు లేకుండా ఎండబెడితే మెదడులోని సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. చెవుల్లో దూది పెట్టుకుని మూసిన గదిలో "చలిగాలికి తలనొప్పి" అని పడుకున్న బాలింతకి నిజంగా ఉన్నది అదే కావచ్చు. లేదా బీపీ కావచ్చు. కాన్పవగానే బీపీ పోయిందనుకుంటారు గానీ, అది ఎక్కువగా పెరిగేది మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య, సరిగ్గా డిశ్చార్జయి పుట్టింట్లో స్నానం పోయించుకునే వేళకి. ఫిట్స్ కూడా కాన్పు తర్వాత రావచ్చు. నీళ్లు, మజ్జిగ అడిగినన్ని ఇవ్వండి, దూది మీ ఇష్టం, తలనొప్పి తగ్గకపోతే మాత్రం తీసుకురండి.

మా చెల్లెలి కూతురికి ఇవన్నీ ఫోన్‌లో చెప్పి, బీపీ మెషీన్ ఒకటి కొనుక్కోమన్నాను, జబ్బకి పట్టీ చుట్టే రకం, మణికట్టుకి కట్టేది కాదు. నిన్న ఫోటో పంపింది, 118/76. దాని కిందే ఇంకో ఫోటో, 164/98. అది వాళ్ల అత్తగారిదట, ఉప్పు మానెయ్యమని గ్రూపులో రాసిన ఆవిడే. సోమవారం మా ఆసుపత్రి జనరల్ ఓపీకి రమ్మన్నాను.