గెలిచిన జట్టుకు రెండో కథ ఎందుకు కష్టం

చెన్నైలో 600028 పిన్‌కోడ్ అంటే మందవెలి, రాజా అన్నామలైపురం. ఆ చుట్టుపక్కల, మైలాపూరులో, టి.నగర్‌లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, టెన్నిస్ బాల్ క్రికెట్‌లో రెండూ. 2007 ఏప్రిల్‌లో వీధి క్రికెట్ మీద తమిళ కామెడీ 'చెన్నై 600028' వచ్చినప్పుడు ఇక్కడి తెలుగు కుర్రాళ్లు తమ వీధినే తెర మీద చూసుకున్నారు. దర్శకుడు వెంకట్ ప్రభుకి అదే మొదటి సినిమా. నిర్మాత ఎస్పీ చరణ్, నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ మన బాలుగారి అబ్బాయి.

దాని రెండో భాగం 2016లో వచ్చింది. రెండిట్లో ఏది గొప్ప అని మావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. 2025 జులైలో ఆడమ్ శాండ్లర్ గోల్ఫ్ కామెడీ 'హ్యాపీ గిల్మోర్'కి 29 ఏళ్ల తర్వాత సీక్వెల్ రావడంతో ఆ వాదన మళ్లీ మొదలైంది. ఆటల కామెడీకి రెండో భాగం తీయడం వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1976లో అమెరికాలో 'ది బ్యాడ్ న్యూస్ బేర్స్' వచ్చింది. బేస్‌బాల్ సరిగా ఆడలేని పిల్లలు, తాగుబోతు కోచ్. పిల్లలు ఫైనల్ దాకా వచ్చి ఓడిపోతారు, అయినా పండగ చేసుకుంటారు. 1977లో ఒక సీక్వెల్, 1978లో జట్టును జపాన్ పంపించి ఇంకొకటి తీశారు. మూడేళ్లలో మూడు. కోచ్‌గా చేసిన వాల్టర్ మాథౌ రెండోదానికే లేడు. అప్పటి నుంచి ఇదే వరస: అసలు మనుషులు తగ్గిపోతారు, ఊరు మారిపోతుంది. 1980 నాటి గోల్ఫ్ కామెడీ 'కాడీషాక్'కి 1988లో రెండో భాగం తీస్తే ముఖ్య నటుల్లో తిరిగొచ్చింది చెవీ చేజ్ ఒక్కడే.

నా దృష్టిలో అన్నిటికన్నా బాగా అర్థం చేసుకోవాల్సింది 'మేజర్ లీగ్'. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు మీద తీసిన ఆ సినిమా 1989లో వచ్చేనాటికి, అసలు జట్టు వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరు, గెలిచి నలభై ఏళ్లు దాటింది. చివరి గెలుపు 1948లో. ఊరంతా ఆశ వదులుకున్న జట్టు కాబట్టి మైదానంలో ఏ పొరపాటు జరిగినా నవ్వొచ్చేది, ఆ నవ్వు కింద బాధ ఉండేది. 1994లో రెండో భాగం తీసేసరికి తెర మీది ఆటగాళ్లు పేరు, డబ్బు వచ్చి చెడిపోయినవాళ్లు. పిల్లలూ చూడాలని మాటల్లో ఘాటు కూడా తగ్గించారు. బయట చూస్తే అదే ఏడాది అసలు జట్టుకు కొత్త స్టేడియం వచ్చింది, మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్ ఆడింది. నవ్వుకు ఆధారమైన ఓటమి సినిమాలోనూ లేదు, ఊళ్లోనూ లేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆటల కామెడీకి ప్రాణం చేతకానితనం. మొదటి సినిమా చివర్లో జట్టుకు ఆట వచ్చేస్తుంది. రెండోదాంట్లో మళ్లీ చేతకానివాళ్లను చేస్తే ప్రేక్షకుడికి కోపం వస్తుంది, చేయకపోతే నవ్వు రాదు. తమిళంలో 'వెణ్ణిల కబడ్డి కుళు'కి ఇంకా కష్టం. 2009 నాటి ఆ సినిమాలో హీరో చివర్లో చనిపోతాడు. నాని నటించిన 'భీమిలి కబడ్డి జట్టు'గా మనం చూసింది ఆ కథనే. 2019లో రెండో భాగానికి కొత్త హీరోని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక మన 'చెన్నై 600028'. మొదటిదాంట్లో హీరోల జట్టు షార్క్స్ చిన్నపిల్లలతో ఆడి కూడా ఓడిపోతుంది. ఆ సిగ్గు వీధి క్రికెట్ ఆడిన ప్రతివాడికీ తెలుసు. రెండో భాగం వీధి వదిలి స్నేహితుడి పెళ్లికని తేని అనే ఊరికి వెళ్లిపోతుంది. నాకు లోటుగా అనిపించింది అదే: మందవెలి గోడలు, మేడలు, తలుపు తీసి తిట్టే మామీలు లేని ఆట. విడుదల సమయం కూడా కలిసిరాలేదు. నోట్ల రద్దు జరిగి నెల, జయలలిత పోయి నాలుగు రోజులు. డిసెంబర్ 9న సినిమా వస్తే 12న వర్ధా తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసింది.

అయినా ఆ సినిమాని నేను తీసిపారేయను. తొమ్మిదేళ్లలో నటులకు నిజంగానే వయసొచ్చింది, కథ దాన్ని దాచలేదు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి, భార్యలకు ఈ ఆట నచ్చదు. ఆట వచ్చినా ఇప్పుడు ఆడనిచ్చేవాళ్లు లేరు. 'హ్యాపీ గిల్మోర్' రెండో భాగం పట్టుకున్నదీ ఇదే. అప్పుడు అమ్మమ్మ ఇల్లు కాపాడటానికి గోల్ఫ్ కర్ర పట్టినవాడు ఇప్పుడు కూతురి బ్యాలే చదువుకు ఫీజు కట్టడానికి పడతాడు. 2007లో 'చెన్నై 600028' చూసిన మా వీధి కుర్రాళ్లకు ఇప్పుడు నలభై దగ్గరపడుతోంది. ఆదివారం పొద్దున ఆటకు వస్తారు గానీ, ఎనిమిదిన్నరకల్లా ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి.