ఇన్వెంటరీ అడుగున ఉన్న అంకె ఆస్తి కాదు: 19వ శతాబ్దపు అమెరికా వర్తకుల కాగితాలపై అపోహలు - వాస్తవాలు

పాత వర్తకుడి ప్రొబేట్ ఫైలు (పోయినవాడి వీలునామా, ఆస్తి, అప్పులు తేల్చిన కోర్టు కాగితాలు) చేతికి రాగానే చాలామంది నేరుగా ఇన్వెంటరీ ఆఖరి పేజీకి వెళ్తారు. కింద గీత గీసి వేసిన మొత్తం చూసి, "ఈయన 41,000 డాలర్లు వదిలిపోయాడు, ఇప్పటి లెక్కలో ఎంత?" అని అడుగుతారు. ఇప్పటి లెక్క సంగతి తర్వాత చూద్దాం. అప్పటి లెక్కే ఇంకా తేలలేదు.

అపోహ: ఇన్వెంటరీ మొత్తమే ఆయన ఆస్తి

మనిషి పోయాక కోర్టు నియమించిన ఇద్దరో ముగ్గురో మదింపుదారులు ఇల్లు, కొట్టు, గిడ్డంగి తిరిగి రాసిన జాబితా పేరే ఇన్వెంటరీ. అందులో ఆయన దగ్గర ఉన్నవి ఉంటాయి, ఆయనకు రావలసినవి ఉంటాయి. ఆయన ఇవ్వవలసినవి ఉండవు. అప్పు మీద సరుకు తెచ్చి అప్పు మీద అమ్మడమే ఆనాటి వ్యాపారం. ఒక వైపు మాత్రమే చూస్తే దివాలా తీసినవాడు కూడా షావుకారులాగే కనిపిస్తాడు.

పైన చెప్పిన 41,000నే విడదీసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, వరస మాత్రం ఫైళ్లలో ఉండేదే. కొట్టు సరుకు 9,000, ఇంటి సామాను 1,200, ఓడల్లో వాటాలు 5,800, బ్యాంకు, బీమా షేర్లు 6,000, రావలసిన బాకీలు 19,000. ఆ బాకీలను మదింపుదారులు మూడు రకాలుగా రాస్తారు: వచ్చేవి 8,000, అనుమానమైనవి 4,000, మొండివి 7,000. కొన్ని జాబితాల్లో మొండి బాకీల ఎదుట సున్నా ఉంటుంది, కొన్నిట్లో పూర్తి మొత్తం వేసి కూడికలో కలిపేస్తారు. ఏది చేశారో చూడకుండా అడుగున ఉన్న అంకె ఎత్తుకుపోవడమే అసలు తప్పు. మొండివి 7,000 పోయి, అనుమాన బాకీల్లో సగం వస్తే చేతికందేది 32,000. ఋణదాతలకు 26,000 కట్టాక మిగిలింది 6,000. కోర్టు ఖర్చులు, వకీలు ఫీజు, సమాధి రాయి ఇంకా లెక్కలోకి రాలేదు.

అంకె పెరిగే దారులూ ఉన్నాయి. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఇన్వెంటరీ చరాస్తికే పరిమితం. రేవులో ఆయనకు నాలుగు గిడ్డంగులున్నా అందులో కనపడవు, వాటి కోసం దస్తావేజుల ఆఫీసుకు వెళ్లాలి. మాసచూసెట్స్‌లో భూమిని కూడా మదింపు వేస్తారు. అందుకని బోస్టన్ వర్తకుడి మొత్తాన్నీ ఫిలడెల్ఫియా వర్తకుడి మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి ఎవరు ధనవంతుడో తేల్చడం కుదరదు.

భాగస్వామ్యం ఇంకో చిక్కు. కంపెనీ సరుకు, కంపెనీ బాకీలు బతికి ఉన్న భాగస్వామి చేతిలోకి వెళ్తాయి. ఆయన కంపెనీ అప్పులు తీర్చి లెక్క ముగించాకే పోయినాయన వాటా ఎస్టేట్‌కు, అంటే ఆయన వదిలిన ఆస్తి, అప్పుల మొత్తానికి, వస్తుంది. దానికి ఏళ్లు పట్టవచ్చు. ఓడ కూడా ఒక్కడిదే అయి ఉండనక్కర్లేదు. ఎనిమిదో వంతు, పదహారో వంతు, ముప్పై రెండో వంతు అని వాటాలు నడిచేవి. ఓడ పేరు ఎదుట 1/16 అని చిన్నగా రాసి ఉంటే అది తేదీ కాదు. సముద్రం మీద ఉన్న సరుకు విలువ ఓడ తిరిగి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

మరి ఏది చదవాలి? ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసేవాడు) గానీ అడ్మినిస్ట్రేటర్ (వీలునామా లేకపోతే కోర్టు నియమించేవాడు) గానీ కోర్టుకు ఇచ్చిన లెక్కలు. మాసచూసెట్స్ ఫైళ్లలో ఇవి తరచుగా ఎ, బి, సి అని మూడు షెడ్యూళ్లుగా దొరుకుతాయి: వచ్చింది, కట్టింది, మిగిలింది. ఎ మొదటి వరుసలో ఇన్వెంటరీ మొత్తం ఉంటుంది. దాని కింద 'మదింపు కన్నా ఎక్కువకు అమ్మినందున' వచ్చిన లాభం. నష్టం వస్తే అది బి లో పడుతుంది. మొదటి లెక్కతో ఆగిపోకండి. రెండోది, మూడోది, ఆఖరిది దాకా వెళ్లండి. ఆఖరి లెక్క పక్కనే పంపకం ఉత్తర్వు ఉంటుంది, వారసుల చేతికి నిజంగా ఎంత వచ్చిందో అది చెబుతుంది. ఎస్టేట్ దివాలా అయితే కమిషనర్ల నివేదిక వెతకండి. ప్రతి ఋణదాత పేరు, అడిగింది ఎంత, డాలరుకు ఎన్ని సెంట్లు దక్కింది అందులో ఉంటాయి. ఆయన వ్యాపారం ఎవరెవరితో నడిచిందో ఇంత బాగా చెప్పే కాగితం ఇంకోటి ఉండదు. ఎవరూ తెరవనిది కూడా అదే.

ఫ్రెడరిక్ ట్యూడర్‌నే తీసుకోండి. న్యూ ఇంగ్లండ్ (బోస్టన్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) చెరువుల మంచు కోసి ఓడలకెత్తిన బోస్టన్ వర్తకుడు. మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ చూసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. ఈ మంచును దించి దాచడానికి 1842లో కట్టిన గిడ్డంగే అది, వివేకానందుడు 1897లో బస చేసిందీ అక్కడే. 1833 మే 12న ట్యూడర్ మంచుతో టస్కనీ అనే ఓడ బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. ఎక్కించింది 180 టన్నులు, సెప్టెంబరులో చేరేసరికి మిగిలింది సుమారు 100 టన్నులు. పైగా ఆ సరుకులో ఆస్టిన్, రోజర్స్ అని ఇద్దరు భాగస్వాములు. ఆ వేసవిలో ట్యూడర్ పోయి ఉంటే మదింపుదారులు ఆ వరుసలో ఏ అంకె వేసేవారు? మరుసటి ఏడాదికి కాఫీ సట్టా ఆయన మీద 2 లక్షల డాలర్లకు పైగా అప్పు మిగిల్చింది, అది తీరడానికి పదేళ్ల పైనే పట్టింది. ఆ మధ్యలో పోయి ఉంటే ఇన్వెంటరీలో మంచు గిడ్డంగులు, భూములు, సామాను వరసగా దర్జాగా ఉండేవి. అప్పు మాత్రం ఒక్క గీతగా కూడా కనపడేది కాదు. 1864లో పోయాడు కాబట్టి ధనవంతుడిగా పోయాడు.

డబ్బు గురించి ఇంకో మాట. శతాబ్దం మొదట్లో కొందరు ఇంకా పౌండ్లు, షిల్లింగుల్లోనే రాసేవారు. అవి ఇంగ్లండు పౌండ్లు కావు. న్యూ ఇంగ్లండ్‌లో డాలరుకు 6 షిల్లింగులు, న్యూయార్క్‌లో 8, పెన్సిల్వేనియాలో ఏడున్నర. అంటే 100 పౌండ్లు బోస్టన్‌లో 333 డాలర్లు, న్యూయార్క్‌లో 250. ఇక లండన్ మీద హుండీల రేటు '9 శాతం ప్రీమియం' అని ఉత్తరంలో ఉంటే స్టెర్లింగ్ ప్రియమైందని రాసేయకండి. ఆ లెక్క పౌండుకు 4.44 డాలర్ల పాత కాగితపు రేటు మీద. 1834 తర్వాత అసలు బంగారపు విలువే దానికి తొమ్మిదిన్నర శాతం పైన ఉంది. కాబట్టి 9 అంటే నిజానికి కొంచెం చౌక.

అపోహ: లెటర్స్ టెస్టమెంటరీ అంటే ఆయన రాసిన ఉత్తరాలు

కాదు. వీలునామా అమలు చేయమని ఎగ్జిక్యూటర్‌కు కోర్టు ఇచ్చే అధికార పత్రం అది. వీలునామా లేకపోతే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్. అలాగే ప్రొబేట్ భాషలో ఇన్ఫెంట్ అంటే చంటిబిడ్డ కాదు, 21 నిండని ఎవరైనా. ఆర్ఫన్స్ (అనాథల) కోర్టులో పిల్లల పేరుందంటే తల్లి కూడా పోయిందని కాదు, తండ్రి పోతే చాలు. రిజిస్టరులో ఉన్న వీలునామా గుమాస్తా దించిన నకలు, దాని కింద సంతకం ఆయనది కాదు. అసలు కాగితం, రసీదులు, బాండు విడి కాగితాల ప్యాకెట్‌లో ఉంటాయి. ఆన్‌లైన్‌లో రిజిస్టరు మాత్రమే దొరికిందంటే సగమే దొరికినట్టు, ఫైలు నంబరుతో ప్యాకెట్ అడగండి.

అపోహ: కుటుంబ ఉత్తరాలు వేరు, వ్యాపార ఉత్తరాలు వేరు

ఈ నమ్మకంతోనే కట్టలు విప్పి రెండు పెట్టెల్లో సర్దేస్తారు. మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. ఆ రోజుల్లో కుటుంబమే కంపెనీ. తమ్ముడు ఓడ వెంట సరుకు అమ్మడానికి వెళ్తాడు, బావమరిది అవతలి రేవులో ఏజెంటు, విధవరాలైన అత్తగారి సొమ్ము వడ్డీకి కంపెనీలోనే తిరుగుతుంది. 1806లో ట్యూడర్ మొదటి మంచు కరేబియన్ దీవి మార్టినిక్ చేరేముందు అక్కడి అధికారులతో మాట్లాడడానికి వెళ్లింది ఆయన అన్న విలియం, ఒక బంధువు. అలాంటి ఉత్తరాన్ని ఏ పెట్టెలో వేస్తారు?

కట్ట ఉన్న వరస ఉన్నట్టే ఫొటో తీసి, మెత్తటి పెన్సిలుతో మూలన నంబరు వేసి, ఆ తర్వాతే విప్పండి. ఉత్తరం వెనక మడత మీద అడ్డంగా రాసిన రెండు మూడు వరుసలు వదలొద్దు: పంపినవాడు, ఊరు, రాసిన తేదీ, అందిన తేదీ, జవాబిచ్చిన తేదీ. వర్తకుడి గుమాస్తా వేసిన ఆ గుర్తు చాలాసార్లు లోపలి రాతకన్నా నమ్మదగింది. తేదీ దగ్గర 'అల్ట్' అని ఉంటే పోయిన నెల, 'ఇన్‌స్ట్' అంటే ఈ నెల. ఇది చూసుకోక జవాబును ప్రశ్న కన్నా ముందు పెట్టిన వరసలు కొల్లలు. పైన 'డూప్లికేట్' అని ఉంటే పారేయకండి. ఒకే ఉత్తరాన్ని రెండు ఓడల్లో పంపేవారు, రెండోదానికి అడుగున కొత్త కబురు చేర్చడం మామూలే.

ఆయన రాసి పంపిన ఉత్తరాలు కట్టలో ఉండవు, అవి ఎదుటివాడి ఇంట్లో ఉంటాయి. వాటి ప్రతులు కావాలంటే కాపీ పుస్తకం వెతకండి. తడిపిన పలచటి కాగితాన్ని ఉత్తరం మీద పెట్టి ఇనుప ప్రెస్సులో నొక్కితే సిరా కొంత దాని మీదకు దిగుతుంది. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి వెనకవైపు నుంచి చదవాలి. ఫొటో తీసేటప్పుడు పుట కింద తెల్ల కాగితం పెట్టండి. కాపీ సిరా తడికి కరిగేలా చేసిందే. మడతలు సాపు చేయాలని ఆవిరి పట్టారా, అక్షరాలు పోయాయే.

మిగతావి క్లుప్తంగా. స్టాంపు, కవరు లేకపోతే నకిలీ కాదు. అమెరికాలో స్టాంపులు 1847 జూలై 1న మొదలై 1856లో తప్పనిసరి అయ్యాయి. 1845కి ముందు 400 మైళ్లు దాటితే కాగితానికి 25 సెంట్లు. కవరు వేస్తే అదీ ఇంకో కాగితమే, 50 సెంట్లు. అందుకే ఉత్తరాన్నే మడిచి లక్క వేసేవారు. నిలువు మీద అడ్డంగా రాసిన ఉత్తరం రహస్య లిపి కాదు, పొదుపు. ఫొటోను పక్కకు తిప్పితే రెండో రాత చదవొచ్చు. 1820 నాటి కాగితం 1880 నాటిదాని కన్నా గట్టిగా ఉందని అనుమానించకండి, పాతది గుడ్డ పీలికలది, కొత్తది కర్ర గుజ్జుది. టేపు, ల్యామినేషన్ ఎప్పటికీ వద్దు.

చార్ల్‌స్టన్, న్యూ ఆర్లీన్స్ ఇన్వెంటరీల్లో పేర్లు, వయసులు, ఎదుట డాలర్లు ఉంటే అది జీతాల పట్టీ కాదు. బానిసలుగా ఉంచిన మనుషులకు కట్టిన వెల. 1850, 1860 జనాభా లెక్కల బానిస షెడ్యూళ్లలో యజమాని పేరే గానీ వాళ్ల పేర్లు దాదాపు లేవు. వంశం వెతుక్కునే వాళ్లకు చాలాసార్లు ఈ జాబితా ఒక్కటే ఆధారం. ముందుగా స్కాన్ చేయవలసిన పుట ఇదే.

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు అటక మీద వీలునామా దొరికితే వచ్చే భయం వేరు: ఎవరైనా వారసులు వచ్చి ఇల్లు అడుగుతారా? ఆ భయం అర్థమవుతుంది. ఇంటి హక్కు తేలేది రిజిస్ట్రీలోని దస్తావేజుల వరస మీద, అటక మీద దొరికిన నకలు మీద కాదు. కొన్నప్పటి టైటిల్ పాలసీ (ఇంటి హక్కు మీద బీమా) తీసి వకీలుకు ఒకసారి చూపించి నిద్రపోండి. 'పాత షావుకారి సొమ్ము ఇంకా పంచలేదు, ముందు ఫీజు కట్టండి' అనేవాళ్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. వెంటనే అడిగినవాళ్ల గతే చూడండి: ఫిలడెల్ఫియా వర్తకుడు స్టీఫెన్ జిరార్డ్ 1831లో పోతే, వీలునామాను కొట్టేయమని సొంత రక్త బంధువులే డానియెల్ వెబ్‌స్టర్ లాంటి వకీలును పెట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1844లో ఓడిపోయారు.

ఆఖరుగా, రాత దించేవాళ్లు 'చదవలేం' అని వదిలేసే మాటల్లో మనకు తెలిసినవి కొన్ని ఉంటాయి. శతాబ్దం తొలినాళ్ల సరుకు పట్టీల్లో రుమాళ్ల పక్కన మద్రాస్, పులికాట్, వెంటపోలం అని కనిపిస్తే అవి బట్టలు నేసిన ఊళ్లు. మూడోది మన వేటపాలెం. దించేటప్పుడు మాత్రం ఆయన రాసిన అక్షరాలే ఉంచి, సరైన ఊరి పేరు పక్కన వేరే గడిలో వేయండి.