ఫ్రేము కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

విజయనగరం

చిన్నీకి, బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ గది గోడ బోసిగా ఉందనీ, ఫోన్లో చూసిన బొమ్మ రెండు వేలు దాటిందని అమ్మ వద్దందనీ మొన్న చెప్పారు కదా. అమ్మ అన్నది సబబే. అలాగని గోడ బోసిగా ఉండక్కర్లేదు. నిన్న గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు పాత సామాన్ల కొట్టులో 120 రూపాయలకి ఒక పటం కొన్నాను. దాన్ని ఎలా బాగుచేశానో రాస్తాను. శ్రీకాకుళంలోనూ అలాంటి కొట్లు ఉన్నాయి, మీరూ ఒకటి చేసి చూడండి.

కొట్టువాడు పటాన్ని ముందువైపు చూపిస్తాడు. మీరు మాత్రం వెనక్కి తిప్పండి. మూలల దగ్గర మట్టి గీతలుంటే చెద పట్టిందన్నమాట. సన్నటి చిల్లులుండి, తడితే పిండిలా పొడి రాలితే కర్ర పుచ్చింది. ఆ రెండూ ఊరికే ఇచ్చినా ఇంటికి తేవద్దు, ఇంట్లో మిగతా చెక్క సామానుకి కూడా పాకుతాయి. మూల కాస్త వదులైతే ఫర్వాలేదు, జిగురూ చిన్న మేకూ చాలు.

నా పటంలో మంచుకొండలు, ఒక సరస్సు. మొత్తం నీలంగా పాలిపోయింది. టీ కొట్లలో పాత పోస్టర్లు నీలంగా మారిపోవడం చూసే ఉంటారు. ఎండకి ఎరుపు, పసుపు రంగులు ముందు పోతాయి, నీలం చివరిదాకా నిలుస్తుంది. ఇక ఆ బొమ్మ పనికిరాదు కానీ ఫ్రేము గట్టిది. బంగారు రంగు లేచిన చోట గోటితో గీస్తే కింద టేకు కనబడింది.

వెనక మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. కాగితం అప్పడంలా విరిగింది. అట్ట తీస్తే దాని వెనక మడత పెట్టిన పాత క్యాలెండర్ కాగితం, తారీఖుల పక్కన పెన్సిల్‌తో పాల లెక్క! కొన్ని రోజుల దగ్గర ‘రాలేదు’ అని రాసుంది. ఏ ఇంటి ఇల్లాలో మరి. దాన్ని పారేయబుద్ధి కాలేదు. కవర్లో పెట్టి, మళ్లీ ఆ ఫ్రేము వెనకే అంటిస్తున్నాను.

లోపల దేవుడి పటం ఉంటే తొందరపడకండి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టి, తన లక్ష్మినీ సరస్వతినీ మామూలు ఇళ్లకి చేర్చారు. ఆ పాత అచ్చులకి కింద అంచున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంటుంది. అది కనిపిస్తే రంగులు పూయడం, కత్తిరించడం వద్దు. ఫ్రేము మార్చండి, బొమ్మని ఉన్నదున్నట్టు వదిలేయండి.

ఇంకొకటి, ఇది రాయడానికి నాకిప్పటికీ కష్టమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి మా హాలు గోడ తడిసింది. మా అమ్మ ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. ఆరబెడదామని నేను మూల పట్టుకుని లాగాను. కాగితం ఊడి వచ్చింది, అమ్మ మొహం సగం అద్దం మీదే ఉండిపోయింది. అమ్మకి అదొక్కటే ఫోటో. ఫోటో పైపొర జిలాటిన్, తడిస్తే జిగురే. అలా అతుక్కుంటే లాగకూడదు, అద్దంతో సహా స్టూడియోకి తీసుకెళ్లి పైనుంచి ఫోటో తీయించాలి. నాకది తర్వాత తెలిసింది. మీకు ముందే తెలియాలి.

పాత రంగు గీకే పని మీది కాదు, అమ్మదో నాన్నదో. ఇళ్లలో వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో ఎంత ఉందో ఎవరు చూశారు? అందుకని పొడిగా రుద్దకూడదు. నేను పెరట్లో, మాస్కు కట్టుకుని, వాటర్ పేపర్ తడిపి రుద్దాను. పాత రంగంతా పోయాక మామూలు ఉప్పుకాగితం 220 నంబరుది, చెక్క చారల వెంబడి. టేకు బయటపడ్డాక దానికి రంగు వెయ్యడానికి నాకు మనసు రాలేదు. మామూలు చెక్కైతే మాత్రం ప్రైమరు పూసి, పలుచగా రెండు కోట్లు వెయ్యండి. మొదటిది రాత్రంతా ఆరాలి.

అద్దం తుడిచేటప్పుడు నీళ్లు గుడ్డ మీద చల్లుకోండి, అద్దం మీద కాదు. అంచుల్లోంచి లోపలికి దిగితే మరక శాశ్వతం.

బొమ్మకీ అద్దానికీ మధ్య కాస్త ఎడం కావాలి. దానికే మౌంట్. నేను అట్టకి మధ్యలో కిటికీలా కోసి, పొందూరు ఖాదీ ముక్క చుట్టాను. మీ ఊరికి దగ్గరే కదా పొందూరు! అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చేతిపని వల్లే నూలు అంత సన్నగా వస్తుంది. తెల్లవారుజాము వెలుగులాంటి ఆ రంగు పక్కన ఏ బొమ్మ పెట్టినా నిండుగా కనిపిస్తుంది. బట్టకి ముందువైపు జిగురు తగలనివ్వకండి, అంచులు వెనక్కి మడిచి అక్కడే అంటించండి. అట్ట బొమ్మకి నేరుగా తగలకుండా మధ్యలో మందపాటి తెల్లకాగితం వెయ్యండి, లేకపోతే కొన్నేళ్లకి గోధుమరంగు మరక దిగుతుంది.

తగిలించేటప్పుడు కింద మూలల వెనక చిన్న రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు. నేరుగా ఎండ పడే గోడా, బాత్రూమ్ అవతలి గోడా వద్దు.

మొత్తం ఖర్చు 300 లోపే అయింది. లోపల పెట్టడానికి బొమ్మే లేదు. మౌంట్ కిటికీ 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. చుట్టూ అర అంగుళం ఎక్కువ ఉన్న కాగితం తీసుకుని, మీ డాబా మీంచి కనిపించే నాగావళి వేసి పంపండి. బుజ్జి ఒక వైపు ఒడ్డు, చిన్ని రెండో వైపు ఒడ్డు వెయ్యండి. సిరిమానోత్సవానికి మీరొచ్చేసరికి ఫ్రేములో బిగించి ఉంచుతాను, వెళ్లేటప్పుడు పట్టుకెళ్దురుగాని.

మీ అమ్మమ్మ