కోడ్ రాయడానికి ఏ ఫాంట్? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. సాయంత్రాలు ఇంజనీరింగ్ పిల్లలకి పైథాన్ చెబుతాను. "సార్, ఏ ఫాంట్ పెట్టుకోమంటారు?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇది సోకు ప్రశ్నేమీ కాదు. పొద్దస్తమానం కళ్లప్పగించి చూసేది ఆ అక్షరాలనే కదా.

అపోహ: చూడ్డానికి అందంగా ఉంటే చాలు.

అందం తర్వాత, ముందు తేడా తెలియాలి. ఎడిటర్‌లో 0 పక్కన పెద్ద ఓ, 1 పక్కన చిన్న ఎల్, పెద్ద ఐ, నిలువు గీత కొట్టండి. చిన్న ఆర్, ఎన్ కలిపి కొట్టి, పక్కన ఎమ్ కొట్టండి. కాస్త వెనక్కి జరిగి చూడండి. ఏది ఏదో తడుముకోకుండా చెప్పగలిగితే ఆ ఫాంట్ మీకు పనికొస్తుంది.

కోడ్ ఫాంట్లలో అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు ఇవ్వడం (దీన్నే మోనోస్పేస్ అంటారు) టైపు మిషన్ల నాటి పద్ధతి. కొరియర్ ఫాంట్‌ని 1950లలో ఐబీఎం టైపు మిషన్ల కోసమే గీశారు. చాలా పాత మిషన్లలో 1కి విడిగా మీట ఉండేది కాదు, చిన్న ఎల్ కొట్టి సరిపెట్టేవారు. టైపు లోయర్, హయ్యర్ పాసైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి. కాగితం మీద అది చెల్లింది, కోడ్‌ని చదివే కంపైలర్ దగ్గర చెల్లదు.

అపోహ: డబ్బు పెట్టి కొన్నదే మేలు.

జెట్‌బ్రెయిన్స్ మోనో, ఫైరా కోడ్, సోర్స్ కోడ్ ప్రో, కాస్కేడియా కోడ్, ఐబీఎం ప్లెక్స్ మోనో అన్నీ ఉచితమే, ఓపెన్ సోర్సే. విండోస్‌లో కన్సోలాస్ ఎలాగూ ఉంటుంది. ల్యాబుల్లో కనిపించే 1366×768 మానిటర్ల మీద సన్న గీతల ఫాంట్లు వెలిసిపోయినట్టుంటాయి. అక్కడ నా ఓటు కన్సోలాస్‌కే. సైజు ఒకటి రెండు పాయింట్లు పెంచి, లైన్ల మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టుకుంటే, ఫాంట్ మార్చినదానికంటే కళ్లకి ఎక్కువ సుఖం.

అపోహ: లిగేచర్లు ఉంటేనే ప్రొఫెషనల్.

లిగేచర్ అంటే రెండు మూడు గుర్తుల్ని కలిపి ఒకే గుర్తులా చూపించడం. ఫైరా కోడ్‌లో != కొడితే ≠ లా కనిపిస్తుంది. ఫైల్‌లో ఉండేవి మాత్రం ఆ రెండు గుర్తులే. అనుభవం ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. కొత్తవాళ్లు మాత్రం "ఆ గుర్తు కీబోర్డులో ఎక్కడుంది సార్?" అని వెతుక్కుంటారు. మొదటి ఏడాది వాటిని ఆపేసి ఉంచమంటాను. కాస్కేడియా మోనో అంటే లిగేచర్లు లేని కాస్కేడియానే.

అపోహ: మోనోస్పేస్ లేకపోతే పైథాన్ పనిచేయదు.

పైథాన్‌కి ఫాంట్‌తో పనే లేదు. సమాన వెడల్పు మన కంటికోసం, నిలువు వరుసలు కుదరడం కోసం.

అపోహ: తెలుగు వరుసలు చెదిరితే తప్పు ఫాంట్‌ది.

మన పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పైన చెప్పిన ఫాంట్లలో వేటిలోనూ తెలుగు లేదు. ఎడిటర్ నిర్మలా యూఐ లాంటి ఇంకో ఫాంట్ నుంచి తెలుగు తెచ్చి చూపిస్తుంది. సరే, తెలుగున్న ఫాంటే దొరికిందనుకుందాం. అప్పుడైనా కుదరదు. మన జిల్లాల ఊళ్ల పేర్లతో పట్టిక వేసి చూడండి. పలాస, టెక్కలి రెండూ మూడేసి అక్షరాలే. పైథాన్‌ని పొడవు అడిగితే పలాసకి 4, టెక్కలికి 7 అంటుంది. గుణింతపు గుర్తులూ, వత్తు కలపడానికి వాడే పొల్లూ కూడా అది విడివిడిగా లెక్కపెడుతుంది మరి. పదికి సరిపడా ఖాళీలు నింపమంటే పలాస తర్వాత ఆరు, టెక్కలి తర్వాత మూడు పెడుతుంది. పక్క వరుస చెదరక ఏమవుతుంది?

అందుకని ఖాళీలతో సర్దే ప్రయత్నం మానేయండి. తెలుగు పేర్ల వరుసని పట్టికలో అన్నిటికంటే చివర పెట్టండి, దాని తర్వాత చెదరడానికి ఏమీ ఉండదు. లేదంటే సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా, రాసి ఎక్సెల్‌లో తెరవండి. అలా చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే టెక్కలి బదులు పిచ్చి గుర్తులు కనిపించే ప్రమాదం ఉంది.