సేల్స్ పడిపోయాయని సైట్ పీకేయకండి: చిన్న ఆన్‌లైన్ వ్యాపారం మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, రెండు నెలల నుంచి ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. కాలం మారిపోయింది, మన సైటేమో పాతది. మొత్తం తీసేసి కొత్తది కట్టేద్దాం."

ఈ నెలలో ఈ మాట వినడం ఇది మూడోసారి. ఒకావిడ కుట్టు నమూనాల పీడీఎఫ్‌లు అమ్ముతుంది, ఒకాయన ఆన్‌లైన్‌లో సంగీతం పాఠాలు చెబుతాడు, ఇంకొకాయన చేత్తో బైండింగ్ చేసిన నోటుపుస్తకాలు పంపుతాడు. ముగ్గురి వ్యాపారాలూ వేరు, గొంతులో భయం ఒకటే. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇద్దరు ముగ్గురితో నడిచే దుకాణంలో రెండు నెలలు ఆర్డర్లు తగ్గితే రాత్రి నిద్ర పట్టదు. నాకు చిరాకు తెప్పించేది ఆ టెన్షన్ చూసి వెంటనే "కొత్త సైటే మందు" అంటూ కొటేషన్ పంపేవాళ్లు.

చిన్న దుకాణాల సైట్లు చూసుకోవడం పద్నాలుగేళ్లుగా నా పని. కట్టడం తక్కువ, రిపేర్లు ఎక్కువ. ఆ రిపేర్లలో బాగా ఖరీదైనవన్నీ ఒకే అపోహ నుంచి వచ్చాయి కాబట్టి ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

అపోహ: అమ్మకాలు తగ్గాయంటే సైట్ పాతబడినట్టే, మొత్తం కొత్తగా కట్టాలి.

ముందు చిన్న లెక్క. నెలకు 1000 మంది వస్తే 20 మంది కొనేవారు అనుకుందాం. ఇప్పుడు 8 మందే కొంటున్నారు. వచ్చేవాళ్లే 400కి తగ్గారా? లేక 1000 మందీ వస్తున్నా 8 మందే కొంటున్నారా? ఆర్డర్లు రెండు చోట్లా ఎనిమిదే, కానీ జబ్బు వేరు. మొదటి దాంట్లో ఇప్పటికీ నూటికి ఇద్దరు కొంటున్నారు. అంటే దుకాణం బాగానే ఉంది, దుకాణానికి వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది. రెండో దాంట్లో దారి బాగుంది, లోపలే ఏదో అడ్డుపడుతోంది. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా సైట్ మార్చడమంటే జ్వరమా కాలు నొప్పా అని అడక్కుండా ఆపరేషన్ చేయడమే.

పోల్చడం కూడా పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. ఏ వ్యాపారానికైనా చల్లబడే నెలలుంటాయి. గూగుల్ వెతుకులాట నుంచి మీ సైట్‌కి ఎంతమంది వస్తున్నారో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ 16 నెలల వివరాలు దాచి ఉంచుతుంది, కాబట్టి ఏడాది కిందటి లెక్క అక్కడ దొరుకుతుంది. అనలిటిక్స్ (సైట్‌కి వచ్చేవాళ్లను లెక్కపెట్టే గూగుల్ సాధనం) అంకెలతో మాత్రం జాగ్రత్త. 2023 జులై 1న గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్‌లో లెక్కించడం ఆపేసి, అందరినీ దాని కొత్త రూపం జీఏ4కి మళ్లించింది. రెండూ లెక్కించే తీరు వేరు. అప్పట్లో "రాత్రికి రాత్రే జనం తగ్గిపోయారు" అని గోల పెట్టినవాళ్లలో చాలామందికి తగ్గింది జనం కాదు, మారింది కొలబద్ద. సైట్ తెరవగానే అనుమతి అడిగే కుకీ బ్యానర్‌లో "వద్దు" నొక్కినవాళ్లు కూడా చాలా చోట్ల లెక్కలోకి రారు. అందుకే నేను ముందు అడిగేది గ్రాఫులు కాదు, ఆర్డర్ల పుస్తకం. అందులో దొంగ అంకెలుండవు.

కుట్టు నమూనాల ఆవిడ విషయానికొస్తే, సైట్‌కి వచ్చేవాళ్లు తగ్గలేదు. కార్ట్‌లో వేసుకునేవాళ్లూ తగ్గలేదు. డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి వెళ్లిపోతున్నారు. "ఎప్పుడైనా మీ ఫోన్‌లో మీరే ఒకటి కొని చూశారా అమ్మా?" అని అడిగాను. ఆవిడ సైట్‌ని ఎప్పుడూ పెద్ద ల్యాప్‌టాప్‌లోనే చూస్తుంది. చిన్న తెర ఉన్న ఫోన్ తీసుకుని కొనబోతే సంగతి బయటపడింది. రెండు నెలల కిందట పెట్టిన కుకీ అనుమతి డబ్బా సరిగ్గా "చెల్లించండి" బటన్ మీద వచ్చి కూర్చుంటోంది. డబ్బా మూసే గుర్తు తెర బయటికి పోయింది. ఇక కొనడానికి వచ్చిన మనిషి ఏం చేస్తాడు? గంట పని, సరిచేశాం. దీనికోసం సైట్ మొత్తం తీసేసి ఉంటే ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు అయ్యేది.

సరే, కట్టేస్తే పోయేదేముంది, కాస్త డబ్బే కదా అంటారు. అసలు నష్టం కట్టించిన ఖర్చులో ఉండదు, పేజీల అడ్రస్‌లలో ఉంటుంది. మీ సైట్‌లో ప్రతి పేజీకీ ఒక అడ్రస్ ఉంది. ఏళ్ల తరబడి వేరే సైట్లు ఆ అడ్రస్‌కి లింకులిచ్చాయి. కొన్నవాళ్లు బుక్‌మార్క్ చేసుకున్నారు, స్నేహితులకు మెసేజ్‌లో పంపారు. గూగుల్ దాన్ని గుర్తుపెట్టుకుంది. సైట్ నడిపే సాఫ్ట్‌వేర్ మార్చి కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారగానే అడ్రస్‌ల తీరు మారిపోతుంది. ఉదాహరణకి ఆన్‌లైన్ దుకాణాలు నడిపే షాపిఫైలో సరుకు పేజీ అడ్రస్ మధ్యలో "ప్రొడక్ట్స్" అని ఉంటుంది, వూకామర్స్‌లో మామూలుగా "ప్రొడక్ట్" అని ఉంటుంది. తేడా చివర ఉన్న ఒక్క "ఎస్" అక్షరమే. మనిషికి అది తేడాలా కనిపించదు. కంప్యూటర్‌కి మాత్రం పాత పేజీ లేనట్టే, "పేజీ దొరకలేదు" అనే 404 వస్తుంది.

పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లను కొత్త అడ్రస్‌కి పంపడానికి 301 రీడైరెక్ట్ అని ఉంది. అది పెట్టడం కష్టం కాదు, విసుగు. అందుకే చాలామంది డిజైనర్లు పాత పేజీలన్నిటినీ ఒక్క దెబ్బకి హోమ్ పేజీకి మళ్లించి చేతులు దులుపుకుంటారు. నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒక దుకాణంలో నాలుగు వందలకు పైగా పేజీలను అలాగే చేశారు. ఫలానా సరుకు కోసం వచ్చినవాడికి హోమ్ పేజీ కనిపిస్తే వెతుక్కోడు, వెళ్లిపోతాడు. గూగుల్ కూడా దాన్ని సరైన మళ్లింపుగా లెక్కవేయదు, ఆ పేజీ పోయినట్టే చూస్తుంది. ఆ దుకాణం పాత అడ్రస్‌లు పాత సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) నుంచి, సెర్చ్ కన్సోల్ నుంచి, సర్వర్ లాగ్‌ల (ఏ పేజీని ఎవరడిగారో రాసుకునే చిట్టాల) నుంచి ఏరి, ఒక్కోదానికీ సరిగ్గా దాని జంట పేజీని కలిపాం. మళ్లీ కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాదిలో ఆయన ఇద్దరు పనివాళ్లను మానిపించాల్సి వచ్చింది.

ఇంకొకళ్ల తప్పులు ఎంచుతున్నాను కదా, నాదీ ఒకటి చెప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక సైట్‌ని కొత్తగా కట్టి, గూగుల్ కంట పడకుండా "నోఇండెక్స్" పెట్టి పరీక్షించాను. తెరిచిన రోజు దాన్ని తీయడం మర్చిపోయాను. పదకొండు రోజులు. పేజీలు ఒక్కొక్కటే సెర్చ్‌లోంచి జారిపోతుంటే "కొత్త సైట్ కదండీ, కుదురుకోవడానికి టైమ్ పడుతుంది" అని ధీమాగా చెప్పినవాణ్ని నేనే. ఆ యజమాని నన్నొక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తుకొస్తే సిగ్గేస్తుంది. అప్పటి నుంచి ఏ సైట్ తెరిచినా నేను చూసే మొదటి సంగతి అదే.

అంటే ఎప్పటికీ మార్చొద్దనా? కాదు. మార్చాల్సిన సందర్భాలు ఉంటాయి. ప్లాట్‌ఫామ్ మూతపడుతుంది, సాఫ్ట్‌వేర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోతుంది, ఫోన్‌లో అసలు తెరుచుకోని సైట్లు ఇంకా ఉన్నాయి. అప్పుడు మార్చండి. కానీ డొమైన్ (మీ సైట్ పేరు), డిజైన్, ప్లాట్‌ఫామ్ మూడూ ఒకేసారి వద్దు. ఏది చెడగొట్టిందో తర్వాత తేల్చుకోలేరు. అమ్మకాలు ఎక్కువగా ఉండే రోజుల్లో అసలే వద్దు. పాత అడ్రస్‌ల జాబితా చేతికి వచ్చాకే కొత్త సైట్ తెరవండి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతుంది, నేనైతే తీయనే తీయను. కొటేషన్ ఇచ్చినవాణ్ని "పాత అడ్రస్‌ల సంగతేంటి?" అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకొకళ్లను చూసుకోండి.

అపోహ: ఫాలోవర్లున్నారు, సైట్ ఎందుకు?

ఫాలోవర్లు మీవాళ్లు కాదు, ఆ కంపెనీవాళ్లు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో వ్యాపారాల పోస్టులు తగ్గించి స్నేహితులవీ బంధువులవీ ఎక్కువ చూపిస్తామని ప్రకటించింది. మీరు పోస్టు పెడితే ఎంతమందికి కనిపించాలో తేల్చేది మీరు కాదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. ఆ రాత్రి నాకు వచ్చిన ఫోన్లలో సగం, కస్టమర్ల లిస్టు మొత్తం వాట్సాప్‌లోనే ఉన్నవాళ్లవి. సోషల్ మీడియా మానేయమని అనడం లేదు, కొత్త జనం అక్కడే దొరుకుతారు. దొరికినవాళ్ల అనుమతితో ఈమెయిల్ తీసుకుని మీ దగ్గర ఒక జాబితా పెట్టుకోండి అంటున్నాను.

జాబితా ఉంటే సరిపోదు, మెయిల్ చేరాలి కూడా. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. రోజుకు 5000కు పైగా మెయిల్స్ జీమెయిల్‌కి పంపేవాళ్లకు, మెయిల్ నిజంగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ప్రచారం మెయిళ్లలో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రయిబ్ ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మీరు రోజుకు యాభైయే పంపినా ఆ మూడూ పెట్టించుకోండి. సంగీతం మాస్టారి సమస్య సరిగ్గా ఇదే. పాఠాల్లో చేరే లింకు మెయిల్ స్పామ్‌లో పడుతోంది. కొత్తగా చేరబోయినవాళ్లు "మోసమేమో" అనుకుని ఊరుకున్నారు.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక సెర్చ్ చచ్చిపోయింది.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: ఏఐతో ఐదొందల వ్యాసాలు రాయించి పడేస్తే జనం వరదలా వస్తారని. చిత్రమేమిటంటే రెండూ చెప్పేవాడు ఒక్కోసారి ఒకడే.

2024 మే నుంచి గూగుల్ ఫలితాల పైన ఏఐ సారాంశాలు చూపించడం మొదలుపెట్టింది. దాంతో "ఫలానా అంటే ఏమిటి" లాంటి పేజీల మీద బతికే సైట్లకు దెబ్బ తగిలింది, అది అబద్ధం కాదు. సమాధానం పైనే దొరికితే కిందికి ఎవరు దిగుతారు? కానీ సరుకు కొనాలనుకున్నవాడు ఎక్కడో ఒక చోట కొనాల్సిందే. ఇక రాశిపోసే వ్యాసాల సంగతి: సెర్చ్‌లో ర్యాంకు కోసమే కుప్పలుగా తయారుచేసే పేజీలను, మనిషి రాసినా యంత్రం రాసినా, స్పామ్‌గానే చూస్తామని 2024 మార్చిలో గూగుల్ నిబంధనల్లో రాసేసింది. నోటుపుస్తకాల ఆయన ఇంకొకరి సలహా విని ఇలాంటివి రెండు వందలు పెట్టాడు. ఆయన సైట్‌లో ఇప్పటికీ జనాన్ని తెస్తున్న పేజీ ఒకటే ఉంది: ఏ కాగితం మీద ఏ సిరా అవతలికి పాకుతుందో తనే రాసి చూసి, ఫొటోలు తీసి పెట్టిన పేజీ. ఆ రెండు వందలూ తీసేయమన్నాను. ఇంకా మనసు ఒప్పట్లేదు ఆయనకి.

అపోహ: యాడ్స్ ఇక పనిచేయవు.

2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో ఆపిల్, మనిషి వేరే యాప్‌లలో, సైట్లలో ఏం చేస్తున్నాడో యాప్‌లు గమనించాలంటే ముందు అతని అనుమతి అడగాలని నిబంధన పెట్టింది. చాలామంది వద్దన్నారు. దాంతో ఏ యాడ్ చూసి ఎవరు కొన్నారో రిపోర్టులో సరిగా కనిపించడం మానేసింది. రిపోర్టులో కనపడకపోవడం వేరు, అమ్మకం జరగకపోవడం వేరు. రెండు వారాలు యాడ్ ఆపి మొత్తం ఆర్డర్లు ఏమయ్యాయో చూడండి. "మా గురించి ఎలా తెలిసింది?" అని ఆర్డర్ పేజీలో ఒక ప్రశ్న పెట్టండి. పాత పద్ధతే, పనిచేస్తుంది.

మిగతావి గబగబా. మీ సైట్‌ని వెయ్యి సెర్చ్ ఇంజన్లకు పంపుతామనే మెయిళ్లు అరచేతిలో వైకుంఠం, తుడిచేయండి. పేజీ కోడ్‌లో కనపడకుండా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని ర్యాంకుకు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది, ఇప్పుడు దానికి డబ్బు తీసుకునేవాడు మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైట్ నమ్మదగినదని కాదు, మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తుందని మాత్రమే.

చివరిది డొమైన్. "డిజైనరే చూసుకుంటాడు" అంటారు. ఎవరి పేరు మీద ఉంది, ఏ ఈమెయిల్‌తో ఉంది, ఏ కార్డు నుంచి డబ్బు కడుతోంది, గడువు ఎప్పుడు అని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. నాకు తెలిసిన ఒకావిడ డొమైన్ డిజైనర్ ఖాతాలో ఉండేది. అతను ఆ పని మానేసి వేరే ఉద్యోగంలో చేరాడు, ఆ మెయిల్ చూడటం మానేశాడు. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అక్కడికే పోయాయి. సైట్, మెయిల్ రెండూ ఒకే ఉదయం ఆగిపోయాయి. డాట్ కామ్ లాంటి డొమైన్లు గడువు తీరి రద్దయ్యాక తిరిగి తీసుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) గడువు ఉంటుంది, దానికి మామూలు రుసుం కంటే బాగా ఎక్కువే కట్టాలి. ఆవిడ నాకు ఫోన్ చేసేటప్పటికి అందులో ఇరవై రోజులు అయిపోయాయి. పాత డిజైనర్‌ని పట్టుకుని పాస్‌వర్డ్ తెప్పించి డబ్బు కట్టేసరికి ఇరవై ఆరో రోజు.