ఇంట్లో సిగ్నల్ ఎందుకు దొరకదు: సిరోంచ ఊళ్ల ఫోన్ల వెనక ముప్పై ఏళ్ల కథ

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లల్ల ఫోన్ లోపల ఉండదు, అరుగు మీదనో కిటికీ ఊచల మధ్యనో ఉంటది. కాల్ వస్తే అటు ఉరకాలె, మాట్లాడుకుంట లోపలికి వస్తే సగంలో కట్. కొత్త ఫోన్ కొన్నా అంతే, సిమ్ మార్చినా అంతే. టవర్ దూరం అని ఒక్క మాటలో తేల్చేస్తరు గానీ దూరం ఒక్కటే కాదు, దీని వెనక 1995 నుంచి నడుస్తున్న లెక్క ఒకటి ఉంది, అది తెలిస్తేనే ఇంట్లో ఏం చేస్తే పనైతదో, దేనికి పైసలు దండగో అర్థమైతది.

దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి చేసిన్రు. ఆ రోజుల్లోనే దేశాన్ని సర్కిళ్లుగా, అంటే ఫోన్ కంపెనీల ఏరియాలుగా విడగొట్టి లైసెన్సులు ఇచ్చిన్రు, గీతలు దాదాపు రాష్ట్రాల సరిహద్దుల మీదనే గీసిన్రు. ముంబై తీసేస్తే మహారాష్ట్ర ఒక సర్కిల్. ఆంధ్రప్రదేశ్ ఇంకోటి, 2014లో తెలంగాణ వేరైనా లైసెన్సు లెక్కలో అది ఇప్పటికీ ఒక్కటే. ఇంద్రావతి అవతలి ఛత్తీస్‌గఢ్ పోయి మధ్యప్రదేశ్ సర్కిల్లో పడ్డది. అంటే మూడు సర్కిళ్ల అంచులు మన దగ్గర్నే కలుస్తయి. మన చుట్టాలు, మన సంతలు, మన దవాఖానలు అన్నీ గోదావరికి రెండు పక్కలా ఉన్నయని ఆ గీత గీసినోళ్లకి ఎవరు చెప్పాలె?

నది మీద చెట్టూ లేదు గుట్టా లేదు, కాళేశ్వరం వైపు టవర్ సిగ్నల్ నీళ్ల మీదుగా తిన్నగా ఈ ఒడ్డుకి వస్తది. మన సర్కిల్ సిగ్నల్ అందకపోతే ఫోన్ దొరికిన టవర్ని పట్టుకుంటది, అట్ల పట్టుకుంటే రోమింగ్. 2003లో దేశమంతా ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది గానీ రోమింగ్‌లో కాలేదు, 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి పెట్టిన గరిష్ఠ రేటే నిమిషానికి 1 రూపాయి 75 పైసలు. ఇంట్లో కూర్చున్నోళ్లు వచ్చిన ఫోన్ ఎత్తితే బ్యాలెన్స్ కోసేది, అందుకే ఇక్కడి పెద్దమనుషులు కూడా సెట్టింగ్స్‌లోకి పోయి, అవతలి టవర్ పట్టకుండ నెట్‌వర్క్‌ని మాన్యువల్‌లో పెట్టుడు నేర్చుకున్నరు. 2015 జూన్ 15 నుంచి బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఫ్రీ చేసింది, తర్వాత రెండేళ్లల్ల మిగతా కంపెనీలు కూడా ఆ ఛార్జీలు ఎత్తేసినయి.

టవర్ల సంగతి మీకు తెల్సిందే. గడ్చిరోలి అడవిలో నక్సలైట్లు టవర్లు కాలబెట్టిన రోజులున్నయి, కంపెనీలు రావడానికే భయపడ్డయి. 2014లో కేంద్రం నక్సల్ ప్రభావిత జిల్లాలకి టవర్లు మంజూరు చేస్తే బీఎస్ఎన్ఎల్ దేశంలో 2,343 టవర్లు వేసింది, అన్నీ 2జీ. వాటిని 4జీ చెయ్యాలని నిర్ణయం తీసుకునేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. అదే జులైలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇస్తమని 26,316 కోట్లు మంజూరు చేసిన్రు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి మొదలైంది.

టవర్ వచ్చినా గోడ లోపలికి సిగ్నల్ రాకపోవడం వేరే కథ, నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. అంకీసలో మా మేనత్త వాళ్లది మొదట పెంకుటిల్లు, లోపలింట్ల కూడా మాట్లాడేటోళ్లం. ఇప్పుడు స్లాబ్ వేసిన్రు, పిల్లర్లు, పైన ఇనుప రేకుల షెడ్డు. ఫోన్ని దర్వాజ పక్కన మేకుకి సంచిలో వేలాడదీస్తరు, ఆ జాగల రెండు పాయింట్లు, నాలుగడుగులు లోపలికేస్తే సున్నా. సిమెంటు రేకులు అంత అడ్డం కాదు, ఇనుప రేకులు సిగ్నల్‌ని వెనక్కి కొడతయి, కాంక్రీటు చాలా వరకు మింగుతది.

దానికి తోడు ఫ్రీక్వెన్సీ. మొదట్లో ఫోన్లు 900 మెగాహెర్ట్జ్ మీద నడిచినయి, తర్వాత 1800, 2100, 2300 వచ్చినయి, నంబర్ పెరిగినకొద్దీ డేటా ఎక్కువ పడుతది గానీ గోడ దాటే బలం తగ్గుతది. దూరం పోయి గోడలు దాటేది 700 బ్యాండ్. 2016 వేలంలో దానికి దేశమంతటికీ మెగాహెర్ట్జ్‌కి 11,485 కోట్లు ధర పెడితే ఒక్కరూ పాడలేదు, 2021లో కూడా అమ్ముడుపోలేదు. 2022లో జియో కొన్నది కానీ 5జీకి వాడింది, 5జీ ఫోన్ లేనోళ్లకి అది ఉన్నా లేనట్టే. మన పల్లె ఇళ్లకి పనికొచ్చే బ్యాండ్ అన్నేళ్లు ఊరికే పడి ఉన్నది, దీని గురించి అడిగినోళ్లే లేరు.

ఇగ ఇంట్లో ఏం చెయ్యొచ్చంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం చెప్పే డీబీఎం లెక్క ఉంటది, మైనస్ 85 దగ్గర బాగున్నట్టు, మైనస్ 110 కంటే కిందికి పోతే కాల్ నిలవడం కష్టం. గది గదికీ తిరిగి చూస్కోండి, పాయింట్లని నమ్మకండి. నది పక్క ఊళ్లల్ల ఒకసారి మాన్యువల్‌లో అవతలి నెట్‌వర్క్ కూడా చూడండి, ఇప్పుడు దానికి ఛార్జీ లేదు. ఇంట్లో ఫైబర్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి, ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టినయి, టవర్ అక్కర్లేకుండ మామూలు నంబర్ మీదనే కాల్ వస్తది. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి, కరెంట్ పోతే కాల్ కూడా పోతది కదా. ఆన్‌లైన్‌లో అమ్మే బూస్టర్ మాత్రం కొనకండి, సొంతంగా పెట్టుకోవడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లో చెప్పింది, పైగా అది టవర్‌కి గోల పంపి ఊరందరి కాల్స్ చెడగొడతది.

2024 ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ మ్యాప్ వెబ్‌సైట్లో పెట్టాలె. అందులో మీ ఊరికి రంగు ఉండి, వాకిట్లో కూడా సిగ్నల్ లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్‌లో కంప్లైంట్ రాయించి డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) తీస్కోండి, అక్కడ తేలకపోతే అదే కంపెనీల అప్పీళ్లు చూసే అప్పీలేట్ అథారిటీకి పెట్టండి, దానికి ఫీజు ఏం లేదు.